కిటికీకి రివర్, దీపానికి కేప్

మా వజ్రాల కంపెనీకి రంగు చూసే మెషిన్ వచ్చిన రోజు కేకు కోశారు. నాకూ ఒక ముక్క పెట్టారు. తిన్నాను, చెయ్యి కడుక్కున్నాను, ముప్పై నాలుగేళ్లుగా కూర్చున్న బల్ల ఖాళీ చేసి వెనక గదిలోకి వెళ్లాను. అప్పటి నుంచి నా పని పొట్లాలు మడవడం. వజ్రం పెట్టే తెల్ల కాగితాన్ని ఐదు మడతలు వేసి, లోపల పల్చటి నీలం కాగితం పరిచి, యాభైకొక కట్ట కట్టి ఇవ్వాలి. ఆ పని నేర్చుకోవడానికి ఒక పూట చాలు. నేను నాలుగు నెలలుగా అదే చేస్తున్నాను.

అంతకుముందు నేను రంగు చూసేదాన్ని. తెల్లగా కనిపించే వజ్రాలన్నీ తెల్లనివి కావు. ఒకటి నీళ్లలా ఉంటుంది, ఒకదాంట్లో ఉందా లేదా అన్నంత పసుపు ఉంటుంది. ఆ పసుపును పట్టుకోవడమే నా ఉద్యోగం. నేను పనిలో చేరిన రోజుల్లో ఆ రంగులకు పేర్లుండేవి. అన్నిటికన్నా తెల్లనిది రివర్. దాని తర్వాత వెసెల్టన్, ఆ తర్వాత క్రిస్టల్. పసుపు తొంగిచూస్తే టాప్ కేప్, తిష్ఠ వేసుకుని కూర్చుంటే కేప్. ఎక్కడో దూరదేశపు గనుల నుంచీ తీరాల నుంచీ వచ్చిన మాటలట. ఆ దేశం నేను చూడలేదు గానీ ఆ మాటలు మాత్రం నాకు చుట్టాల పేర్లంత దగ్గర. ఇప్పుడు అవి పోయి ఇంగ్లీషు అక్షరాలొచ్చాయి, డి నుంచి జెడ్ దాకా. బళ్లో పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టినట్టు రాళ్లను విడగొడుతున్నారు.

నాకు ఆ మాటలు నేర్పింది పెద్దాయన. అసలు పేరు అందరూ మర్చిపోయేంత కాలం ఆ కంపెనీలో రంగు చూశాడాయన. మనిషి ముభావి. తప్పు చేస్తే తిట్టడు, బాగా చేస్తే మెచ్చుకోడు. రెండింటికీ కలిపి ఒకటే "ఊఁ". ఆ ఊఁలో ఏది తిట్టో ఏది మెప్పో తేల్చుకోలేక మొదటి రెండేళ్లు నేను ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని ఏడ్చేదాన్ని.

ఏ రాయినైనా రెండుసార్లు చూడాలన్నది ఆయన కట్టడి. ఒకసారి ఉత్తరం కిటికీ దగ్గర, పగటి వెలుతురులో. ఇంకోసారి దీపం కింద. తెల్ల కాగితాన్ని మధ్యకు మడిచి, ఆ మడతలో రాయిని బోర్లా పెట్టి, పక్కనుంచి దాని పొట్ట చూడాలి. నోటితో మెల్లగా ఆవిరి ఊదితే ఒక్క క్షణం మెరుపు చచ్చిపోతుంది, రంగు బయటపడుతుంది. కిటికీకి ఏ రంగు అనిపించిందో పొట్లం పైన రాయాలి. దీపానికి ఏ రంగు అనిపించిందో లోపల, నీలం కాగితం కింద రాయాలి. అమ్మేముందు పెద్దాయన రెండూ కొనేవాళ్లకు చదివి వినిపించేవాడు. ఆయన పోయాక లోపల రాసే అలవాటూ పోయింది. ఇప్పుడు నీలం కాగితం కింద ఏదైనా రాసి ఉంటుందని మా కంపెనీలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజు ఉదయం పదిన్నరకు మా తమ్ముడు వెనక గది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. వాడు మా కంపెనీలోనే బంగారంలో రాళ్లు పొదుగుతాడు. నేనే చేర్పించాను. నోట్లో నాలుక లేనివాడు. చిన్నప్పుడు బళ్లో వాడి పలకను పక్కవాడు లాక్కుంటే వాడు వేలితో బల్ల మీద రాసుకున్నాడు, అడగలేదు. ఇప్పుడు నలభై అయిదేళ్లొచ్చినా అంతే.

"అక్కా, నువ్వొకసారి రావాలి," అన్నాడు.

"ఏమైంది?"

"రాయి మార్చేశానంటున్నారు."

చేతిలో ఉన్న పొట్లాల కట్ట బల్ల మీద పెట్టాను. మా వృత్తిలో దొంగ అన్న మాటను రుజువు చెయ్యనక్కర్లేదు. ఒక్కసారి వేలు చూపిస్తే చాలు, ఆ మనిషికి ఇక ఏ బల్ల దగ్గరా కుర్చీ ఉండదు. ఇరవై రెండేళ్ల పని ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోతుంది. నాకు భయమేసింది. నాకు భయం వేస్తే కోపంలా బయటికొస్తుంది, అది నా జబ్బు. "పద, ఎవడన్నాడో చూస్తాను," అన్నాను.

మెషిన్ గదికి కిటికీల్లేవు. ఎప్పుడూ ఒకే తెల్ల వెలుతురు, ఒకే చల్లదనం. అక్కడ ముగ్గురున్నారు. మా యజమాని, నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడు, కుర్చీలో కూర్చుని నుదురు రుద్దుకుంటున్నాడు. మెషిన్ నడిపే అమ్మాయి అద్దాలు సర్దుకుంటూ ఒక మూల నిలబడింది. ఆ పిల్ల నన్ను ఆంటీ అంటుంది. నా కుర్చీ పోయినందుకు సగం కోపమైతే, ఆ ఆంటీకి సగం. మూడో మనిషి ఒక డాక్టరు గారు, కళ్ల డాక్టరు. వాళ్లమ్మ ఉంగరం తన వేలికి వదులైందని, రాయి తీసి కొత్త ఉంగరంలో పొదగమని మూడు రోజుల కింద ఇచ్చి వెళ్లింది. రాయి తీసింది మా తమ్ముడు. పొదిగే ముందు కొత్త సర్టిఫికెట్ కావాలని ఆమె ఈ రోజు అడిగింది, అమ్మాయి రాయిని మెషిన్‌లో పెట్టింది. మెషిన్ కె అంది.

"కె అంటే పసుపు అట కదా," అంది డాక్టరు గారు. గొంతు పెద్దది చెయ్యలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "మా అమ్మ రాయికి పసుపు లేదు. ఇదిగో, మీ కంపెనీ పొట్లమే. మీ వాళ్లు రాసిందే."

బల్ల మీద ఒక పాత పొట్లం ఉంది. మడతల దగ్గర కాగితం గుడ్డలా మెత్తబడింది. మధ్యలో ఒక నూనె మరకలాంటిది, ఏ పర్సులోనో ఏళ్ల తరబడి ఉండి అంటుకున్నదనుకున్నాను. పైన బరువు, ఒకటీ పాయింట్ సున్నా ఏడు కేరట్లు. దాని కింద గుండ్రటి అక్షరాలతో ఒక్క మాట: రివర్.

ఆ అక్షరాలు నావి. పందొమ్మిదేళ్ల వయసులో నేను అలాగే రాసేదాన్ని, ప్రతి అక్షరం పొట్ట నింపి.

"బరువు సరిపోయింది కదండీ," అన్నాను.

"సరిపోయే బరువున్న రాయినే కదా పెడతారు, పెట్టేవాళ్లు," అంది ఆమె.

మా తమ్ముడు గోడకు ఆనుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. యజమాని నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "అక్కగారూ, పోలీసుల దాకా పోనివ్వను. కంపెనీ తరఫున ఆవిడకు ఇంకో మంచి రాయి ఇస్తాను. కానీ మీ తమ్ముణ్ని మాత్రం ఇక్కడ ఉంచుకోలేను. మీరే చెప్పి పంపించండి."

తగ్గించిన గొంతు డాక్టరు గారికి వినిపించింది. "నాకు ఇంకో రాయి వద్దు, మంచిదైనా వద్దు," అంది. "ఇది మా అమ్మ చేతికి ముప్పై నాలుగేళ్లుంది. నాకు అమ్మది కావాలి."

నాకు ఆ మెషిన్ మీద అప్పుడు పట్టరాని ఆశ పుట్టింది, అది తప్పు చెప్పి ఉండాలని. చెప్పే ఉంటుందని. ఇన్ని నెలలుగా నేను ఎదురుచూస్తున్న రోజు ఇదేనేమో అనుకున్నాను. ఎవర్నీ అడక్కుండా కుర్చీ లాక్కున్నాను, తెల్ల కాగితం మడిచాను, రాయిని బోర్లా పెట్టాను. మెల్లగా ఆవిరి ఊదాను.

పసుపు. వెతకక్కర్లేదు, మర్యాదగా వచ్చి ముందు నిలబడింది. టాప్ కేప్, అందులో అనుమానం లేదు. మెషిన్ అక్షరాలా నిజం చెప్పింది.

"చూశారా ఆంటీ," అంది అమ్మాయి మెల్లగా. పాపం, వెక్కిరింపు లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

మళ్లీ ఊదాను. మళ్లీ చూశాను. రెండోసారి రంగు కాదు, రాయి చూశాను. దానిలో ఏదో మబ్బుంది. నూనె చేత్తో తుడిచిన అద్దంలా, శుభ్రంగానే ఉంది కానీ పూర్తిగా తేటగా లేదు. అలాంటి మబ్బు నేను నా జన్మలో రెండుసార్లే చూశాను, రెండుసార్లూ పెద్దాయనే చూపించాడు. దానికి ఆయన దగ్గర వేరే మాట ఉండేది: ప్రీమియర్. ఆ జాతి రాయికి రెండు ముఖాలుంటాయి. పగటి వెలుతురులో లోపలినుంచి నీలం పుట్టుకొచ్చి పసుపును మింగేస్తుంది, రాయి మంచులా కనిపిస్తుంది. దీపం కిందికి తెస్తే నీలం పోతుంది, పసుపు దిగుతుంది.

రాయిని కాగితం మడతలోనే ఉంచి తల ఎత్తాను.

"డాక్టరు గారూ, మీ అమ్మగారు ఏం చేసేవారు?" అని అడిగాను.

"డ్రిల్ టీచర్," అంది ఆమె, ఇప్పుడు అదెందుకన్నట్టు చూసి.

మెడలో విజిల్ గుర్తొచ్చింది. అంత ఎండకు నల్లబడ్డ చేతులు అంతకుముందు మా కౌంటర్ మీద చూడలేదు నేను. ఆమె వచ్చిన రోజూ గుర్తొచ్చింది. ఆ రోజు ఏం జరిగిందో కూడా గుర్తొచ్చింది. అది గుర్తుకు రాకపోతే బాగుండునని ముప్పై నాలుగేళ్లుగా అనుకుంటున్నాను.

కానీ ముందు చెయ్యవలసిన పని ఒకటుంది. "ఈ రాయి కిటికీ చూడాలి. అందరూ నాతో రండి," అన్నాను.

ఉత్తరం కిటికీ పాత రంగు గదిలో ఉంది. మెషిన్ వచ్చాక ఆ గదిని సామాన్ల గది చేశారు. మెషిన్ వచ్చిన అట్టపెట్టెలే కిటికీకి అడ్డంగా పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. నేను చీర కొంగు దోపుకుని మొదటి పెట్టె లాగాను. రెండోది మా తమ్ముడు అందుకున్నాడు. మూడోదానికి ఆ అమ్మాయి కూడా చెయ్యి వేసింది, అద్దాలు ముక్కు మీదికి జారుతున్నా. యజమాని గుమ్మంలో నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త," అన్నాడు. పెట్టెల్లో ఏమీ లేదు, గాలి తప్ప.

గడియ తుప్పు పట్టింది. తమ్ముడు అరచేత్తో రెండు గుద్దులు గుద్దితే ఊడింది. రెక్కలు బార్లా తెరిచాను. పదకొండు గంటల వెలుతురు, ఎండ కాని ఎండ, గదిలోకి వచ్చి నా పాత బల్ల మీద పడింది. ఆ బల్ల మీద అరంగుళం దుమ్ము. కొంగుతో తుడిచి, కొత్త కాగితం మడిచి, రాయిని బోర్లా పెట్టాను.

"ఇప్పుడు చూడండి," అన్నాను డాక్టరు గారితో. నేను చూడలేదు. నా ధైర్యం అంతవరకే ఉంది.

ఆమె వంగింది. నేను ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. కళ్లు చూడటం వృత్తిగా ఉన్న మనిషి కళ్లు నీళ్లతో నిండటం చూశాను.

"గ్రౌండ్‌లో ఇలాగే ఉండేది," అంది. "విజిల్ ఊదడానికి చెయ్యి ఎత్తితే పిల్లలందరికీ ముందు ఉంగరం కనిపించేది. మెరుపు కనిపిస్తే పరుగు ఆపేసేవాళ్లం, విజిల్ వినకుండానే."

అప్పుడు నేనూ చూశాను. పసుపు ఆనవాలు లేదు. రాయి తెల్లగా, అంచున నీలంగా, కడిగి పెట్టినట్టుంది. ఎవరు ఎక్కడ నిలబెట్టి అడిగినా నేను ఒకటే మాట అనేదాన్ని. రివర్.

అమ్మాయి రాయిని మెషిన్ గదికి తీసుకెళ్లింది, పసుపు. కిటికీకి తెచ్చింది, తెలుపు. మూడుసార్లు తిరిగింది ఆ పిల్ల, ఒకసారి నడిచి, రెండుసార్లు పరిగెత్తి. "మెషిన్ లైటులో ఆ నీలం పుట్టించే యూవీ కిరణాలుండవు, వడపోసేస్తారు," అని తనలో తాను అనుకుంది. "పగటి వెలుతురులో ఉంటాయి. ఆంటీ, మీకు ఇది ముందే ఎలా తెలుసు?"

"నీకు మెషిన్ ఉంది. మాకు కిటికీ ఉండేది," అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను, దాచుకోవడమెందుకు.

ఆ గర్వం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. యజమాని పొట్లం చేతిలో తిప్పుతూ అన్నాడు, "అక్కగారూ, నేనూ నమ్మాలనే అనుకుంటున్నా. కానీ రేపు ఎవరైనా అడిగితే? ఇలాంటి రాయి ఇంకోటి లోకంలో లేదా? ఈ పొట్లం మీద రివర్ అని మాత్రమే ఉంది. ఇది అదే రాయి అనడానికి ఇంకేం లేదు. మీ పెద్దాయన రెండుసార్లు చూడందే రాయిని బయటికి పంపేవాడు కాదని మీరే అంటుంటారు కదా. మరి రెండో మాట ఏది?"

గదిలో అందరూ నావైపు చూశారు. తమ్ముడు కూడా.

చెప్పకుండా ఉండొచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదని బొంకను. తెలియదు అనేస్తే సరిపోతుంది, పెద్దాయన చనిపోయాడు, అడిగేవాళ్లు లేరు. కానీ చెప్పకపోతే మా తమ్ముడి మీద ఆ అనుమానం కొసరంత మిగిలిపోతుంది. ఆ కొసరు చాలు మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడానికి. ఈ ముప్పై నాలుగేళ్లలో ఎంతమంది కొత్త పిల్లలకు నేర్పానో లెక్కలేదు. రెండుసార్లు చూడనివాణ్ని బల్ల దగ్గరికి రానిచ్చేదాన్ని కాను. ఒకడు దీపం మర్చిపోతే వారం రోజులు వాడితో మాట్లాడలేదు. నేను తప్పు చెయ్యనని నేనే చాటుకున్నాను, ఊరంతా నమ్మింది.

"రెండో మాట నీలం కాగితం కింద రాయాలి," అన్నాను. "దీపానికి ఏ రంగో. కానీ దీంట్లో ఉండదు. ఈ పొట్లం మీద రాసింది నేను. పని నేర్చుకునే రోజులు. ఆ రోజు పొద్దుట్నుంచి కరెంటు లేదు. డ్రిల్ టీచర్ గారు బడికి టైమవుతోందని నిలబడే ఉన్నారు. నేను కిటికీ దగ్గర చూశాను, రివర్ అనిపించింది, రాసేశాను. దీపం రేపు చూద్దాంలే అనుకున్నాను. పొట్లం పెద్దాయన చేతికిచ్చి వెనక గదిలోకి వెళ్లాను, ఆయన అప్పుడే ఆమెకు ఇచ్చి పంపేశాడు. మర్నాడు వచ్చేసరికి రాయి లేదు. సగం చూసిన రాయిని రివర్ అని బయటికి పంపింది నేను. మా తమ్ముడు చేసిందేం లేదు. తప్పంటూ ఉంటే నాది."

చెప్పేశాను.

మా తమ్ముడు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. యజమాని గొంతు సవరించుకున్నాడు. డాక్టరు గారు మాత్రం పొట్లం అందుకుని, "నీలం కాగితం కింద అన్నారు కదా," అంది.

"ఏమీ ఉండదండీ. నేను రాయలేదు."

"మీరు రాయలేదని చెప్పారు. చూస్తే పోయేదేముంది," అంటూ మడతలు ఒక్కొక్కటే విప్పింది. పేషెంటు రెప్ప ఎత్తినట్టు ఎత్తింది నీలం కాగితాన్ని. అది కింది కాగితానికి ఒకచోట అతుక్కుపోయి ఉంది, నేను నూనె మరక అనుకున్న చోట. గోటితో మెల్లగా వేరు చేసింది.

మైనం. నూనె కాదు, కొవ్వొత్తి మైనం, పెసరగింజంత బొట్టు. దాని చుట్టూ పెన్సిల్ రాత, చీమల బారులా చిన్నగా, వంకర లేకుండా.

"ఇది పెద్దాయన రాత," అన్నాడు యజమాని, నాకన్నా ముందు. "మా నాన్నగారి ఉత్తరాల్లో చూశాను."

డాక్టరు గారు కిటికీ వైపు తిప్పి పైకి చదివింది. "కరెంటు లేదు. కొవ్వొత్తికి చూశాను, నమూనా రాళ్ల పక్కన పెట్టి. టాప్ కేప్. ప్రీమియర్ జాతి. అంచు దగ్గర ఈకలాంటి గీత, దాని ఎడమన రెండు చుక్కలు."

అక్కడ ఆగింది. అమ్మాయి రాయిని తీసుకుని మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లింది. మేమంతా వెనకే వెళ్లాం. తిప్పింది, తిప్పింది, ఆ తిప్పడం ఎంతకూ అవలేదు. మా తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు అలాగే పట్టుకునేవాడు.

"ఈక ఉంది," అంది అమ్మాయి. "ఎడమ పక్కన చుక్కలు. ఒకటి. రెండు." తల ఎత్తింది. "ఇదే రాయి సార్. అనుమానమే లేదు."

డాక్టరు గారు కూడా ఆ కంటి గొట్టంలోంచి చూసింది. చూసి, లేచి, నేరుగా మా తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది. "నన్ను క్షమించండి. మిమ్మల్ని చాలా పెద్ద మాట అన్నాను," అంది. వాడు తల ఊపాడు. ఆ పూట గోడకు ఆనుకున్న వీపు నిటారుగా అయింది. యజమాని కూడా ఏదో అనబోయాడు. "మీరు తర్వాత చెప్పండి, తీరిగ్గా వింటాను," అన్నాను. నోరు మూసుకున్నాడు.

"ఇంకా ఉంది ఇక్కడ," అంది డాక్టరు గారు, నీలం కాగితం కిందికి మళ్లీ చూస్తూ. మళ్లీ చదివింది, ఈసారి నెమ్మదిగా. "టీచర్ గారికి రెండు రంగులూ చెప్పాను, కొవ్వొత్తి దగ్గరా చూపించాను. ఆవిడ, నేను పొద్దంతా ఎండలోనే ఉంటాను, దీపం పెట్టేసరికి ఉంగరం తీసి పక్కన పెడతాను, నాకు కిటికీ రంగు చాలు అన్నారు."

ఆమె కాగితం దించి కాసేపు నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. "నిజమే," అంది. "ఇంటికి రాగానే ఉంగరం తీసి అలమరలో పెట్టేది. సాయంత్రం తర్వాత అమ్మ చేతికి ఈ రాయిని నేనెప్పుడూ చూడలేదు. ఎందుకో ఇప్పటిదాకా తెలియదు."

తర్వాత ఆఖరి వాక్యం చదివింది. "కిటికీకి పిల్ల రాసిందే సరి." తల ఎత్తి అందర్నీ చూసింది. "పిల్ల ఎవరు?"

నేను ఆ కాగితం కోసం చెయ్యి చాపాను. అప్పుడు మా తమ్ముడు, బల్ల మీద వేలితో రాసుకున్న మా తమ్ముడు, గదంతా వినపడేలా చెప్పాడు.

"మా అక్క."

నేను ఏడ్చాను. యజమాని ముందు, ఆ ఆంటీ పిల్ల ముందు, ఎవర్నీ లెక్కచెయ్యకుండా. పెద్దాయన నాకు పదకొండేళ్లు పని నేర్పాడు. ఆ పదకొండేళ్లలో ఒక్క రోజు సరి అనలేదు. ఆ మాట పందొమ్మిదేళ్ల పిల్ల మొదటి ఏడాదే సంపాదించుకుంది, ఆయన దాన్ని నీలం కాగితం కింద పెట్టి ఒక డ్రిల్ టీచర్ అలమరలోకి పంపించేశాడు. నేను తప్పు చేశానని ముప్పై నాలుగేళ్లు కుమిలిపోయింది ఏ పొట్లం గురించో, నా మెప్పు ఆ పొట్లంలోనే ఉంది. కొవ్వొత్తి వెలిగించొచ్చని నాకెందుకు తట్టలేదో, అది మాత్రం ఇప్పటికీ సిగ్గే.

మా తమ్ముడు ఆ రాయిని ఆ మధ్యాహ్నమే పొదిగాడు, నాలుగు బంగారు గోళ్లతో పట్టించి, పక్కలు మూయకుండా, పగటి వెలుతురు అన్ని వైపుల్నుంచీ దూరేలా. కొత్త సర్టిఫికెట్‌లో కె అనే ఉంది, అది ఉండవలసిందే. దాని వెనక నేను నా చేత్తో రాశాను, ఇప్పటి నా అక్షరాలతో, పొట్టలు తగ్గిపోయిన అక్షరాలతో: కిటికీకి రివర్, దీపానికి టాప్ కేప్, ప్రీమియర్. కింద సంతకం పెట్టాను. డాక్టరు గారు పొట్లం తీసుకుంది. నేను అడగకుండానే ఆ పెన్సిల్ రాత మేరకు కాగితం కత్తిరించి, మైనం బొట్టుతో సహా నా చేతిలో పెట్టింది. "ఇది మీ ఉత్తరం. పొరపాటున మా ఇంటికొచ్చింది," అంది.

ఉంగరం పెట్టుకుని ఆమె బయటికి వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. ఎండలోకి వెళ్లి వీధి మధ్యలో ఆగింది. నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా, చెయ్యి ఎత్తి నోటి దగ్గర విజిల్ పట్టుకున్నట్టు పట్టుకుంది. ఉంగరం తళుక్కుమంది. ఆటో ఒకటి ఆగిపోయింది.

మర్నాడు నా బల్ల దుమ్ము దులిపి, కిటికీకి కొత్త గడియ పెట్టించారు. పొట్లాలు మడిచే పనికి ఇంకెవర్నో చూసుకోమని యజమానితో చెప్పాను. చూసుకున్నాడు. మెషిన్ దాని గదిలో అది ఉంది, నా గదిలో నేనున్నాను. ఇద్దరం చూసిన తర్వాతే రాయి బయటికెళ్తుంది.

మెషినమ్మాయి రోజూ పదకొండు గంటలకు నా దగ్గరికి వస్తుంది. ఆంటీ అనడం మానలేదు, మానమని నేనూ అడగలేదు. మొన్న ఒక రాయి తెచ్చి మడతలో బోర్లా పెట్టి, "ఇది కిటికీకి ఏమంటారు?" అని అడిగింది.

"ముందు నువ్వు రాయి," అన్నాను.

చాలాసేపు చూసింది. ఆవిరి ఊదింది. పెన్సిల్ తీసి, కొట్టేసి, మళ్లీ రాసింది: వెసెల్టన్. రాసి నా మొహంలోకి చూసింది, నేను ఒకప్పుడు పెద్దాయన మొహంలోకి చూసినట్టే.

నాకూ ఊఁ అని ఊరుకోవడం వచ్చు. బాగా వచ్చు. కానీ ఆ పిల్ల ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చోవాలి కదా. రాయి చూశాను, పొట్లం చూశాను, పైకే చెప్పాను.

"నువ్వు రాసిందే సరి."